బైబిలు మూడుసార్లు పూర్తిచేశాను, ఒక్క సంతకం దగ్గర దారి తెలియలేదు

అడిగినవారు: యార్డు గుమస్తా, గుంటూరు

అందరికీ ప్రభువు నామమున వందనాలు. మాది గుంటూరు, శ్రీనివాసరావుతోట. మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో పద్దెనిమిదేళ్లుగా గుమస్తాగా చేస్తున్నాను. కాటా దగ్గర తూకాలు రాసుకోవడం, రైతుకి పట్టీ కట్టడం, రాత్రికి చిట్టా సరిచూడడం నా పని.

ఏడాదిలో బైబిలంతా పూర్తయ్యే పట్టిక పెట్టుకుని మూడేళ్లుగా చదువుతున్నాను. మొత్తం 1,189 అధ్యాయాలు కాబట్టి రోజుకి మూడో నాలుగో పడతాయి. సీజన్లో టిక్కీలు (మిర్చి బస్తాలు) ఆకాశమంత ఎత్తు పేరుస్తారు, తెల్లవారుజామున నాలుగున్నరకే లేవాలి. అయినా మానలేదు. జ్వరం వచ్చిన రోజుల్లో కూడా చదివి, పట్టికలో గడి కొట్టేశాకే పడుకున్నాను. మొన్న డిసెంబరు ఆఖరికి మూడోసారి పూర్తయింది. మా సంఘం పాస్టరు అయ్యగారు ఆరాధనలో నన్ను నిలబెట్టి మరీ చెప్పారు. నాకూ సంతోషమే అనిపించింది.

జనవరిలో అక్క ఫోన్ చేసింది. బావ పెదనందిపాడు వైపు నాలుగెకరాలు కౌలుకి తీసుకుని మిరప వేస్తాడు. తామరపురుగు పడి ఒక ఏడు పూత మొత్తం పోయింది, ఆ దెబ్బ నుంచి ఇంకా తేరుకోలేదు. ఇప్పుడు మా షావుకారు దగ్గర మూడు లక్షలు అడిగాడు, రెండు రూపాయల వడ్డీకి. "మీ బామ్మర్ది హామీ సంతకం పెడితే ఇస్తా" అన్నాడట షావుకారు. అక్క ఏడుస్తూ చెప్పింది. నా జీతం ఇరవై రెండు వేలు. పాప ఇంటరు.

ఆ రాత్రి ప్రార్థన చేసి, కళ్లు మూసుకుని బైబిలు తెరిచి వేలు పెట్టాను. సామెతలు 3:27 వచ్చింది. "మేలుచేయుట నీ చేతనైనప్పుడు దానిని పొందదగినవారికి చేయకుండ వెనుకతియ్యకుము." ఇక సంతకం పెట్టడమే అనుకున్నాను. మా ఆవిడ పక్కన కూర్చుని, "అదే సామెతల్లో ఆరో అధ్యాయం తియ్యండి, హామీ ఉండొద్దని ఎప్పుడో ప్రసంగంలో విన్నాను" అంది. తీస్తే నిజంగానే ఉంది. "నా కుమారుడా, నీ చెలికానికొరకు పూటపడిన యెడల" అని మొదలుపెట్టి, లేడి వేటగాడి చేతిలోంచి తప్పించుకున్నట్టు తప్పించుకో అంటుంది.

రెండూ దేవుని వాక్యమే. ఒకటి చెయ్యమంటోంది, ఒకటి వద్దంటోంది. మూడుసార్లు చదివినవాణ్ని, ఈ రెండూ ఒకే పుస్తకంలో ఉన్నాయన్న సంగతి కూడా నాకు గుర్తులేదు. అందుకే నాకు దిగులుగా ఉంది. జ్ఞానం కొదువైతే దేవుణ్ని అడగమని యాకోబు రాశాడు, అడుగుతూనే ఉన్నాను. నేను చదివే తీరులోనే ఏదో తప్పుంది. ఎలా చదివితే వాక్యం బతుకులో పనికొచ్చే జ్ఞానంగా మారుతుంది? తెలిసినవాళ్లు చెప్పండి. బావకి వచ్చే ఆదివారం జవాబు చెప్పాలి.

జవాబు: కొత్తపేట యవ్వనస్థుడు, గుంటూరు

వందనాలు అన్నా. ప్రార్థన చేసి తెరిచావు, 3:27 వచ్చింది. అది దేవుని స్వరమే అని నేను నమ్ముతున్నాను. మా అమ్మ ఆపరేషన్ ముందు నేనూ అలాగే తెరిస్తే కీర్తన 91 వచ్చింది, అమ్మ క్షేమంగా ఇంటికొచ్చింది. ఎక్కువ ఆలోచిస్తే విశ్వాసం తగ్గిపోతుంది అన్నా. అక్క కన్నీళ్లు దేవుడు చూస్తున్నాడు.

జవాబు: లెక్కల టీచరమ్మ, విజయవాడ

బాబూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివి, కాసేపు ఫోన్ పక్కన పెట్టి కూర్చున్నాను. మాది పటమట. మున్సిపల్ స్కూల్లో ముప్పై ఒక్క ఏళ్లు లెక్కలు చెప్పి రిటైరయ్యాను. నీ ఇంట్లో ఇప్పుడు జరుగుతున్నది మా ఇంట్లో 1997లో జరిగింది. అందుకే కొంచెం పొడుగ్గా రాస్తాను.

అప్పట్లో మా ఇంట్లో రోజుకో సామెతల అధ్యాయం చదివేవాళ్లం. అవి 31, నెలకి సరిగ్గా సరిపోతాయి. ఒకటో తారీఖున ఒకటో అధ్యాయం, రెండున రెండు. మావారు చదివేవారు, నేను పిల్లలకి జడలు వేస్తూ వినేదాన్ని. జూన్ 11న ఆయన ఆఫీసులో ఒక స్నేహితుడి అప్పుకి జామీను సంతకం పెట్టారు. నాకు చెప్పలేదు. ఎనిమిది నెలలకి ఆ స్నేహితుడు ఊరు వదిలి వెళ్లిపోయాడు. ఆరేళ్లపాటు మావారి జీతంలోంచి కోతపడింది. మా పెద్దమ్మాయిని చదివించాలనుకున్న కాలేజీలో చేర్చలేకపోయాం.

చాలా రోజుల తరవాత, కోపంతో బైబిలు తెరిచి వెతికాను. ఇంత చదివాం కదా, ఒక్క హెచ్చరికైనా ఎందుకు రాలేదని. పదకొండో తారీఖు పొద్దున మేం చదివింది పదకొండో అధ్యాయం. దాని పదిహేనో వచనం చూడు: "ఎదుటివానికొరకు పూటబడినవాడు చెడిపోవును." ఆ పొద్దున ఆయన నోటితో చదివారు, నేను చెవితో విన్నాను. మధ్యాహ్నం సంతకం అయిపోయింది.

ఎందుకు తెలియలేదంటే, 'పూటబడడం' అంటే ఏమిటో మా ఇద్దరికీ తెలియదు. పూట అంటే పొద్దుటి పూట, సాయంత్రం పూట అనే మాకు తెలుసు. పాత మాటేదో అనుకుని దాటిపోయాం. మర్నాడు స్కూల్లో తెలుగు మాస్టారిని అడిగితే, "పూటకాపు అంటే జామీనుదారు అమ్మా" అన్నారు. అంతే సంగతి. ఒక మాట అర్థం అడగనందుకు మేము ఆరేళ్లు కట్టాం. దాని పైనున్న పద్నాలుగో వచనం ఇంకా బాధపెట్టింది: "ఆలోచనకర్తలు అనేకులుండుట రక్షణకరము." మావారు నన్నొక్క మాట అడిగి ఉంటే!

ఆ రోజు నుంచి నేను పట్టిక కోసం చదవడం మానేశాను. పట్టిక తప్పని అనను. ఊరంతా ఒకసారి తిరిగితేనే ఏ వీధి ఎక్కడుందో తెలుస్తుంది, నువ్వు మూడుసార్లు తిరిగావు, అది వృథా కాదు. కానీ ఒక ఇంట్లో పనుంటే ఆ ఇంటి తలుపు కొట్టి లోపలికెళ్లి కూర్చోవాలి కదా. నేను ఒక లాంగ్ నోట్‌బుక్ కొన్నాను, ఏ మాట ఏ వచనాల్లో వస్తుందో చూపే కంకార్డెన్సు ఒకటి కొన్నాను. 'పూట' అన్న మాట బైబిలంతా ఎక్కడెక్కడ వస్తుందో ఒక్కొక్కటీ చేత్తో రాశాను. దానికి ముందు రెండు వచనాలు, తరవాత రెండు వచనాలు కూడా. ఎవరు, ఎవరితో, ఎప్పుడు అంటున్నారో పక్కన రాశాను. నెల రోజులు పట్టింది. ఆ నెలలో నేర్చుకున్నంత అంతకుముందు పదేళ్లలో నేర్చుకోలేదు.

ఇప్పుడు నీ రెండు వచనాల సంగతి. 3:27 దగ్గర ఆగిపోయావు, 28 చదివావా? "ద్రవ్యము నీయొద్ద నుండగా రేపు ఇచ్చెదను పోయి రమ్మని నీ పొరుగువానితో అనవద్దు." ఇప్పుడు 22:26, 27 తీయి. అప్పులకి పూటబడేవాళ్లతో చేరవద్దని చెప్పి, "చెల్లించుటకు నీయొద్ద ఏమియు లేకపోగా వాడు నీ క్రిందనుండి నీ పరుపు తీసికొనిపోనేల?" అంటాడు. రెండు చోట్లా 'నీయొద్ద' అనే ఉంది, చూశావా? ఒకచోట నీ దగ్గరున్నది దాచుకోవద్దంటున్నాడు. ఇంకోచోట నీ దగ్గర లేనిదానికి మాట ఇవ్వొద్దంటున్నాడు. రెండు వాక్యాలు కొట్టుకోవడం లేదు బాబూ. విడివిడిగా చదివితే కొట్టుకున్నట్టు కనిపిస్తాయి.

ఇంకోటి. సామెత సామెతే, ధర్మశాస్త్రంలోని ఆజ్ఞ కాదు. 26:4లో మూర్ఖుడికి వాడి మూఢత చొప్పున జవాబియ్యవద్దని ఉంటుంది, దాని కిందే 26:5లో ఇయ్యమని ఉంటుంది. మనమూ ఆలస్యం అమృతం విషం అంటాం, నిదానమే ప్రధానం అనీ అంటాం. రెండూ నిజమే. ఏది ఎప్పుడు అన్నది తెలియడమే జ్ఞానం, అది వేలు పెడితే రాదు. కొత్తపేట బాబు అమ్మగారు క్షేమంగా వచ్చినందుకు దేవునికి స్తోత్రం. ఆదరణ కోసం తెరిస్తే ఆయన ఆదరిస్తాడు, నేనూ అనుభవించాను. కానీ మూడు లక్షల నోటు మీద సంతకం అలా తేల్చుకోకూడదు. బెరయలో ఉన్నవాళ్లు పౌలు చెప్పింది నిజమో కాదో అని ప్రతిదినమూ లేఖనాలు పరిశోధించారని అపొస్తలుల కార్యములు 17:11లో ఉంది. అపొస్తలుడు చెప్పినా పరిశోధించారు, వాళ్లని ఘనులన్నారు.

ఆ మాటని సామెతల్లోనే వదిలెయ్యకు. ఆదికాండము 43:9లో తమ్ముడు బెన్యామీను కోసం యూదా తండ్రితో "నేను అతనిగూర్చి పూటపడుదును" అంటాడు. అక్కడ అది మంచి పని! కీర్తన 119:122లో భక్తుడు ఏకంగా దేవుణ్నే అడుగుతాడు, "మేలుకొరకు నీ సేవకునికి పూటపడుము" అని. ఫిలేమోను పత్రికలో పౌలు ఒనేసిము అనే దాసుడి బాకీ గురించి "అది నా లెక్కలో చేర్చుము" అని, తన చేత్తో రాసి, నేనే తీరుస్తానంటాడు. నువ్వు చిట్టా రాసేవాడివి, ఆ మాట బరువు నాకంటే నీకే బాగా తెలుస్తుంది. ఆఖరికి హెబ్రీయులకు 7:22లో యేసు శ్రేష్ఠమైన నిబంధనకి 'పూటకాపు' అయ్యాడని వస్తుంది. ఆ మాట దగ్గర నేను పెన్ను పక్కన పెట్టేశాను. మావారు ఇంకొకరి బాకీ కడుతున్న ఆరేళ్లూ నేను విసుక్కుంటూనే ఉన్నాను. నా బాకీ మోసినవాడొకడున్నాడని అన్నేళ్లూ పాడానే గాని, అది ఇదే మాట అని తెలియదు.

సంతకం పెట్టు, పెట్టొద్దు అని నేను చెప్పను. ఆదివారానికి ఇంకా ఐదు రోజులుంది. మీ ఆవిడతో కలిసి కూర్చో, నోటుపుస్తకం తీసుకో. ఈ చోట్లన్నీ చేత్తో రాయి. ఏ నిర్ణయానికి వచ్చినా దాన్ని యాకోబు 3:17 పక్కన పెట్టి చూసుకో. పైనుండి వచ్చే జ్ఞానం ఎలా ఉంటుందో అక్కడ ఒక్కో గుణం పేరు పెట్టి చెప్పాడు.

జవాబు: గుణదల నుంచి

మేము కథోలికులం, మా బైబిల్లో 73 గ్రంథాలుంటాయి. టీచరమ్మగారు చెప్పినదానికి తోడుగా ఒకటి చెప్తాను. సీరా గ్రంథంలో ఇదే విషయం మీద రెండు చోట్ల ఉంది. 8:13లో స్తోమతకి మించి హామీ ఉండవద్దు, ఉంటే మాత్రం ఆ అప్పు నువ్వే కట్టాల్సినవాడిలా సిద్ధపడు అని అర్థం వచ్చేలా రాశాడు. 29వ అధ్యాయంలో మంచివాడు పొరుగువాడి కోసం హామీ ఉంటాడని 14లో మెచ్చుకుని, హామీ ఉండి నాశనమైపోయినవాళ్ల గురించి 18లో చెప్పి, 20లో నీ శక్తికొద్దీ సాయం చెయ్యి, నువ్వు పడిపోకుండా చూసుకో అని ముగించాడు. మీ సంఘాల్లో ఈ గ్రంథాన్ని లేఖనంగా చదవరని తెలుసు. పెద్దవాళ్ల మాటగానైనా వినండి, అన్నగారూ.

నేను ప్రతి ఫిబ్రవరిలో మా గుణదల మాత కొండ ఎక్కేటప్పుడు ఒకే ఒక్క వాక్యం మనసులో పెట్టుకుని ఎక్కుతాను, ఇంకేమీ చదవను. దిగేసరికి ఆ వాక్యం వేరేగా వినిపిస్తుంది. కీర్తన 1లో దివారాత్రము ధ్యానించువాడు అంటే ఇలాంటిదే అయి ఉంటుందని నా నమ్మకం.

జవాబు: కోర్టు టైపిస్టు, గుంటూరు

చట్టం మాట ఒక్కటి చెప్పిపోతాను. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 128వ సెక్షను ప్రకారం, ఒప్పందంలో వేరేగా రాసుకుంటే తప్ప, అప్పు తీసుకున్నవాడికి ఎంత బాధ్యతో హామీదారుకీ అంతే బాధ్యత. ముందు మీ బావని అడిగి, ఆయన కట్టకపోతేనే మీ దగ్గరికి రావాలన్న నియమం లేదు. చాలామంది "ఊరికే సాక్షి సంతకం లాంటిదేగా" అనుకుని పెట్టేస్తారు. సాక్షి వేరు, హామీ వేరు. నోటు మీద ఏమని రాశారో, వడ్డీతో సహా ఎంతవరకు అని ఉందో, పూర్తిగా చదవకుండా పెన్ను పట్టుకోకండి. ఆ పరుపు తీసికొనిపోవడం అనేది నేను కాగితాల మీద ఎన్నిసార్లు టైపు చేశానో.

అడిగినవారు: యార్డు గుమస్తా, గుంటూరు

అందరికీ వందనాలు. ఆలస్యంగా రాస్తున్నాను, యార్డులో సరుకు దిగడం మొదలైంది.

టీచరమ్మగారూ, మీరు చెప్పినట్టే పాప పాత నోటుపుస్తకంలో మిగిలిన కాగితాల్లో రాశాం. నేను చదివితే మా ఆవిడ రాసింది, ఆవిడ చదివితే నేను రాశాను. మొదటి రాత్రి పదకొండు దాటింది. ఇన్నేళ్లలో మేమిద్దరం వాక్యం ముందు అంతసేపు కూర్చున్నది అదే మొదలు. 'నీయొద్ద' అన్న మాట రాసిన కాగితం మీదే మా లెక్క వేసుకున్నాం. బ్యాంకులో అరవై ఒక్క వేలు ఉంది. పాప ఫీజుకి పక్కన పెడితే నలభై మిగులుతుంది. మూడు లక్షలకి రెండు రూపాయల వడ్డీ అంటే నెలకి ఆరు వేలు. బావ కట్టలేకపోతే నా జీతంలో వడ్డీకే నాలుగో వంతు పైగా పోతుంది, అసలు అలాగే ఉంటుంది.

శనివారం సాయంత్రం బస్సెక్కి పెదనందిపాడు దిగి వాళ్ల ఇంటికెళ్లాను. ఫోన్లో చెప్పబుద్ధి కాలేదు. అక్క ముందే బావతో చెప్పాను: "సంతకం పెట్టలేను బావా, కట్టాల్సి వస్తే కట్టే శక్తి నాకు లేదు. లేనిదానికి మాటిస్తే అది నీకు మోసం, షావుకారుకీ మోసం. నా దగ్గరున్నది నలభై వేలు. ఇది అప్పు కాదు, వడ్డీ లేదు, రాయాల్సిన పనీ లేదు." బావ ఆ డబ్బు వంక చూడలేదు. "సంతకానికి పనికిరాని బామ్మర్ది డబ్బు నాకెందుకు" అని లేచి పొలానికి వెళ్లిపోయాడు. అక్క తీసుకుంది. బస్టాండు దాకా వచ్చి, ఏమీ మాట్లాడకుండా నా చెయ్యి పట్టుకుని నిలబడింది.

సోమవారం షావుకారుతో మాట్లాడాను. హామీ లేకుండా లక్ష ఇస్తానన్నాడు, పంట మన కొట్టుకే రావాలన్న షరతు మీద. ఇది మంచిదో కాదో బావే తేల్చుకోవాలి, నేను బలవంతం చెయ్యలేదు. లక్షా నలభైతో నాలుగెకరాలూ నెట్టుకురాలేడు. రెండెకరాలు వదులుకుంటాడేమో. ఇప్పటికైతే నాతో మాట్లాడడం లేదు. యాకోబు 3:17లో 'సమాధానకరమైనది' అన్న మాట దగ్గర నాకు ఇంకా గుచ్చుకుంటోంది. దాని ముందు 'మొట్టమొదట పవిత్రమైనది' అని ఉంది, అదొక్కటే పట్టుకుని ఉన్నాను. రోజూ రాత్రి బావ పేరు పెట్టి ప్రార్థన చేస్తున్నాం.

ఈ ఏడు పట్టిక తీసుకోలేదు. యూదా దగ్గరే ఉన్నాను. ఒకటి కనిపించింది, సరో కాదో మీరే చెప్పాలి. ఆదికాండము 43లో తమ్ముడికి పూటపడిన యూదా, 44లో నిజంగానే తమ్ముడి బదులు నన్ను దాసుడిగా ఉంచుకో అంటాడు. కానీ 37:26, 27లో ఇంకో తమ్ముడు యోసేపుని అమ్మేద్దామని సలహా ఇచ్చింది ఈ యూదానే! ఇరవై తులాల వెండికి అమ్మేశారు. తమ్ముణ్ని అమ్మినవాడు తమ్ముడికి పూటకాపు ఎలా అయ్యాడు? మధ్యలో అతనికి ఏం జరిగింది? మధ్యలో చూస్తే 38వ అధ్యాయం, యూదా కోడలు తామారు సంగతి ఉంది. యోసేపు కథ నడుస్తుండగా అది అక్కడ ఎందుకు పెట్టారో మూడుసార్లు చదివినప్పుడూ నాకు తోచలేదు, ఇబ్బందిగా ఉండి గబగబా దాటేశాను. ఇప్పుడు దాటబుద్ధి కావడం లేదు.

జవాబు: లెక్కల టీచరమ్మ, విజయవాడ

బాబూ, నీ కాగితం మీద లెక్క చదువుతుంటే మావారు గుర్తొచ్చారు. మీ బావ కోసం మా ఇంట్లోనూ ప్రార్థన చేస్తాం.

38 గురించి నేను చెప్పెయ్యను, నువ్వు సరైన చోటే నిలబడ్డావు. 37:32లో అన్నదమ్ములు రక్తంలో ముంచిన అంగీ పంపించి తండ్రిని ఏమని అడిగారో ఒక పక్క రాయి. 38:25లో తామారు, యూదా తన దగ్గర కుదువపెట్టిన ముద్ర, దారం, కర్ర పంపించి యూదాని ఏమని అడిగిందో దాని పక్కన రాయి. రెండిట్లోనూ ఒకే మాట వస్తుంది, దాని కింద గీత గీసుకో. తరవాత 38:26లో యూదా నోటి నుంచి వచ్చిన మొదటి మాట చూడు. చూసి, ఏమనిపించిందో ఇక్కడే రాయి. నేను రోజూ రాత్రి తొమ్మిది తరవాత చూస్తుంటాను.